మబ్బుల్లో విత్తనం ఎప్పుడు మొలుస్తుంది?

షోలాపూర్‌లో తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలు ఒకే పనికి రెండు పేర్లు వింటారు. చుట్టుపక్కల మరాఠీవాళ్లు ‘కృత్రిమ పాఊస్’ అంటారు, అంటే కృత్రిమ వాన. ఇంటికొచ్చే తెలుగు పత్రిక ‘మేఘమథనం’ అని రాస్తుంది. చెన్నైలో ఉన్నవాళ్లు ‘సెయర్కై మళై’ అని వింటారు. అదీ కృత్రిమ వానే. బళ్లారిలో మాత్రం మాట వేరు: ‘మోడ బిత్తనె’. మోడ అంటే మబ్బు. బిత్తనె అంటే విత్తడం, మన ‘విత్తనా’నికి దగ్గర చుట్టం.

కృత్రిమంగా తయారుచేయడం, చిలకడం, విత్తడం. వీటిలో ఏ మాట నిజానికి దగ్గరగా ఉంది? ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తే మీరే తేల్చగలరు.

మబ్బు ఉన్నా వాన పడదెందుకు?

మబ్బులోని నీటి బిందువు చాలా చిన్నది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత తేలికైనది నేలకు చేరలేదు, గాలిలో తేలుతూ ఉండిపోతుంది. అలాంటివి దాదాపు పది లక్షలు కలిస్తేనే ఒక మంచి వాన చినుకు. అవి కలవకపోతే మబ్బు మన తల మీదుగా వెళ్లిపోతుంది.

కలిపేందుకు దారులు రెండు. మబ్బు వెచ్చగా ఉంటే, దాని అడుగున కాల్షియం క్లోరైడ్ వంటి ఉప్పుల సన్నని పొడిని వదులుతారు. వానాకాలంలో మూత పెట్టని ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు. అదే గుణంతో ఈ పొడి తేమను పట్టి పెద్ద బిందువులను చేస్తుంది. అవి కిందికి జారుతూ చిన్నవాటిని తమలో కలుపుకుంటాయి.

మబ్బు ఎత్తుగా ఎదిగితే దాని పైభాగంలో సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉంటుంది. అక్కడ కూడా చాలా నీరు గడ్డకట్టకుండానే ఉంటుంది. గడ్డకట్టడానికి దానికి ఒక ఆధారం కావాలి. సిల్వర్ అయోడైడ్ స్ఫటికాల అమరిక మంచు అమరికను పోలి ఉంటుంది కాబట్టి, దాని మీద మంచు పలుకులు పెరుగుతాయి. అవి బరువెక్కి పడుతూ దారిలో కరిగి చినుకులవుతాయి.

ఇది 1946లో అమెరికాలో బయటపడిన సంగతి. జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విన్సెంట్ షెఫర్ వాడే ఫ్రీజర్ ఒక వేసవి రోజున సరిపడా చల్లబడలేదు. అందులో ఆయన పొడి మంచు ముక్క వేశారు. వెంటనే లోపలి పొగమంచు మెరిసే మంచు పలుకులుగా మారింది. ఆ నవంబర్ 13న విమానంలో వెళ్లి నిజమైన మబ్బు మీద అదే పని చేశారు. సిల్వర్ అయోడైడ్‌ గుణాన్ని అదే సంస్థకు చెందిన బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టారు.

విత్తేవాళ్లెవరు?

ఇది ఒక్కరి పని కాదు. నేల మీద రాడార్ ముందు కూర్చున్న వాతావరణ శాస్త్రవేత్త ఏ మబ్బు ఎదుగుతోందో, ఎటు కదులుతోందో చూస్తారు. ఎదిగే మబ్బుకు ఆయుష్షు తక్కువ. చాలా మబ్బులు గంటలోపే కరిగిపోతాయి. కబురు అందగానే పైలట్ మబ్బు అడుగుకు చేరి, గాలి పైకి లేచే చోటును వెతకాలి. అక్కడ విమానం తనంతట తానే పైకి లేచినట్టవుతుంది. అప్పుడు స్విచ్ నొక్కితే రెక్కల కింద బిగించిన గొట్టాలు కాలి పొడిని పొగలా వదులుతాయి. లేచే గాలి దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. పిడుగులు, వడగళ్లు ఉన్న మబ్బు నడిబొడ్డుకు మాత్రం దూరంగా ఉండాలి. ఎప్పుడు వెళ్లాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు వెళ్లకూడదో తెలియడమూ అంతే ముఖ్యం.

షోలాపూర్ చెప్పిన లెక్క

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం వైపు, కర్ణాటకలో 2003లోనూ 2017లోనూ కరవు వేళ ఇలాంటి విమానాలు ఎగిరాయి. ప్రతిసారీ వచ్చిన ప్రశ్న ఒకటే: విమానం రాకపోయినా ఆ వాన పడేదేమో కదా?

జవాబు కోసం పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ షోలాపూర్‌ను ఎంచుకుంది. సహ్యాద్రి కొండలు తడి గాలిని అడ్డుకోవడంతో అది వానచాటు ప్రాంతం. 2018, 2019 వానాకాలాల్లో 276 మబ్బులను పరిశీలించారు. చీట్లు తీసినట్టు కొన్నింటిపై పొడి చల్లారు, కొన్నింటిని అలాగే వదిలేశారు. తర్వాత రెండు రకాలనూ పోల్చారు. పొడి చల్లిన చోట, గాలి వాలున 100 చదరపు కిలోమీటర్ల మేర వాన సుమారు 18 శాతం ఎక్కువగా తేలింది. అదనపు నీటికి అయిన ఖర్చు లీటరుకు దాదాపు 18 పైసలు.

18 శాతం అంటే ఎంత? 10 మిల్లీమీటర్లు పడాల్సిన చోట 11.8 పడుతుంది. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఆ లెక్కన 100 చదరపు కిలోమీటర్లలో అదనంగా 18 కోట్ల లీటర్లు. తక్కువేమీ కాదు.

అదే మబ్బు లేని రోజున? సున్నాలో 18 శాతం సున్నాయే. బావులు ఎండి, జనం విమానం కోసం ఆకాశం వైపు చూసే రోజుల్లోనే విత్తడానికి మబ్బు దొరకదు. మబ్బులున్న రోజుల్లో విత్తి, పడిన నీటిని చెరువుల్లో, కుంటల్లో నిలుపుకున్నప్పుడే ఆ అదనం వేసవికి అక్కరకొస్తుంది.

అందుకే పేర్ల పోటీలో నా ఓటు కన్నడ మాటకే. ‘కృత్రిమ వాన’ అంటే మనిషి వానను తయారుచేస్తాడన్న ఆశ పుడుతుంది. ‘మథనం’ అంటే చిలికితే చాలు వచ్చేస్తుందనిపిస్తుంది. ‘విత్తడం’ అన్న మాటలో రైతుకు తెలిసిన నిజం ఉంది: పదును లేని నేలలో ఎంత మంచి విత్తనమైనా మొలవదు.

మీ బడిలో చేసి చూడండి

అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న గాజు పాత్రను ఆరుబయట పెట్టండి. వాన వెలిశాక నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి తేదీతో రాసుకోండి. దానికి 18 శాతం కలిపితే ఎంతవుతుందో లెక్కకట్టండి. మీ ఊరి భాషలో ఈ పనిని ఏమంటారో ఇంటి చుట్టుపక్కల పెద్దలను అడిగి, ఆ మాటకు అర్థాన్ని పక్కనే తెలుగులో రాయండి.