రాకెట్టుకు ముహూర్త మెవరు పెట్టుదురు?

2020వ సంవత్సరము మే నెల 27వ తేదీ సాయంకాలమున, అమెరికాలోని ఫ్లారిడా సముద్రతీరమునందు ఒక రాకెట్టు బయలుదేరుటకు సిద్ధముగా నుండెను. దాని కొననున్న నౌకలో డగ్లస్ హర్లీ, రాబర్ట్ బెంకెన్ అను ఇద్దఱు వ్యోమగాములు పట్టీలు బిగించుకొని కూర్చుండిరి. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్షకేంద్రమునకు వారు చేరవలసియుండెను. బయలుదేరవలసిన వేళ 4 గంటల 33 నిముషములు. ఇంక 17 నిముషములు మాత్రమే యున్నవనగా, పిడుగుల భయముచేత ప్రయాణమును నిలిపివేసిరి.

మబ్బు తేలిపోవువఱకు ఒక అరగంట ఆగరాదా యని మన సోదరీమణు లడుగవచ్చును. పొరుగూరికి పోవు బండి యైనచో ఆగవచ్చును. ఈ ప్రయాణమున కట్టి వీలు లేదు. కారణమును మాకు తోచినంత తేలికగా చెప్పుదుము.

ఒక నిమ్మపండును తీసికొని, దాని చుట్టును ఒక గాజును ఏటవాలుగా పట్టుకొనుడు. పండు భూమి, గాజు కేంద్రము తిరుగు కక్ష్య. భూమధ్యరేఖకు ఈ కక్ష్య 51.6 డిగ్రీలు వాలియున్నది. ఆ వాలునకు కారణము కలదు. 1998లో కేంద్రపు మొదటి భాగమును రష్యావారు కజకస్తానులోని బైకనూరునుండి పంపిరి. ఆ చోటు 46వ ఉత్తర అక్షాంశమున నున్నది. ఏ చోటినుండి యైనను, దాని అక్షాంశముకంటె తక్కువ వాలుగల కక్ష్యకు రాకెట్టును తిన్నగా పంపుట సాధ్యము కాదు. బైకనూరునుండి నేరుగా తూర్పునకు పంపినచో అది చైనామీదుగా పోవును. కావున మఱికొంత ఉత్తరమునకు మరల్చిరి.

ఇప్పుడు గాజును కదల్పక పండును మాత్రము త్రిప్పుడు. పండుమీద ఫ్లారిడాకు గుర్తుగా ఒక చుక్క పెట్టినచో, ఒక్కొక్క చుట్టులో ఆ చుక్క రెండుమాఱులు గాజుక్రిందికి వచ్చును. ఒకమాఱు ఈశాన్యమునకు దారి యేర్పడును, రెండవమాఱు ఆగ్నేయమునకు. ఆగ్నేయమున జనులు నివసించు దీవు లున్నవి గనుక, కేంద్రమునకు పోవు నౌకలను ఈశాన్యముగానే పంపుదురు. అందుచేత దినమున కొక్కటే వేళ.

భూమి 4 నిముషములకు ఒక డిగ్రీ తిరుగును. అంతమాత్ర మాలస్యమైనను చుక్క గాజును దాటిపోవును. కక్ష్యలో పరుగు సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు. అంత వేగముగా పోవుదానిని ప్రక్కకు త్రిప్పుట కష్టము. ఒక డిగ్రీ తేడాను దిద్దుటకే సెకనుకు 100 మీటర్లకు పైగా క్రొత్త వేగమును పుట్టింపవలెను. అరగంట తేడాను దిద్దుట ఆ నౌకకు శక్యము కాదు. కొలది నిముషముల తేడాను రాకెట్టే సరిపెట్టగలదు. పూర్వపు షటిల్ నౌకలకు పది నిముషముల వ్యవధి యుండెడిది. కాని యీ రాకెట్టులో మిక్కిలి చల్లబఱచిన ద్రవ ఆక్సిజనును బయలుదేరుటకు కొంచెము ముందుగా నింపుదురు. అది వేడెక్కకుండ పోవలెను గనుక, ఆ పది నిముషములును లేవు.

మఱునాడు అదే వేళకు పోవచ్చునా? అదియు కాదు. భూమి సూర్యుని చుట్టును తిరుగుటచేత నక్షత్రములు దినదినము 4 నిముషములు ముందుగా ఉదయించును గదా. కక్ష్యయు నట్లే ముందుగా తలమీదికి వచ్చును. మఱియు, గాజు కదలదని చెప్పితిమి గాని కొంచెము కదలును. భూమి నడుమ ఉబ్బియున్నది. ఆ ఉబ్బు ఆకర్షణచేత కక్ష్య దినమునకు సుమారు 5 డిగ్రీలు పడమటికి జరుగును. అది 20 నిముషములకు సమానము. రెండును కలిపిన 24 నిముషములు, అనగా మన పెద్దల లెక్కలో సరిగా ఒక గడియ. దినమున కొక గడియ చొప్పున ముహూర్తము ముందునకు వచ్చుచుండును.

తరువాత నిశ్చయించిన దినము మే 30. వేళ 3 గంటల 22 నిముషములు. మూడు దినములకు 71 నిముషములు: మూడు గడియలకు ఒక్క నిముషము తక్కువ! ఆ దినమున రాకెట్టు లేచినది. తక్కువ యెత్తున తిరుగునది త్వరగా చుట్టివచ్చును గనుక, నౌక క్రిందికక్ష్యలో కేంద్రమును వెంబడించి సుమారు 19 గంటలకు దానిని చేరెను.

మన దేశపు శుభాంశు శుక్లా ప్రయాణమునను ఇదే లెక్క కనబడును. ఆ నౌకకు నాయకురాలు పెగ్గీ విట్సన్ అను స్త్రీ. పలుమాఱులు వాయిదాపడిన పిమ్మట 2025 జూన్ 22న ఫ్లారిడా కాలమానమున తెల్లవాఱుజామున 3 గంటల 42 నిముషములకని నిశ్చయించిరి. అదియు తప్పి, జూన్ 25న 2 గంటల 31 నిముషములకు బయలుదేరిరి. ఇచ్చటను మూడు దినములకు 71 నిముషములే.

మే 27న వెనుదిరిగిన హర్లీ భార్య కేరెన్ నైబర్గ్, బెంకెన్ భార్య మేగన్ మెక్ఆర్థర్. ఇరువురును అంతకుముందే అంతరిక్షమునకు పోయి వచ్చినవారు. మెక్ఆర్థర్ 2021 ఏప్రిల్ 23న తన భర్త పోయిన నౌకలోనే, ఆయన కూర్చుండిన పీఠముననే కూర్చుండి కేంద్రమునకు పోయెను.

ఈ ముహూర్తమును పెట్టునది భూమి. మనుష్యుడు లెక్కకట్టి కనిపెట్టుచున్నాడు. వ్యవధి లేని వేళకు త్వరపడవలె నను ఆశ మెండు. ఇంటిలో శుభకార్యము తలపెట్టిన వారికి ఈ సంగతి క్రొత్త కాదు. అట్టివేళ వద్దని చెప్పుటకు లెక్కతోపాటు గుండెనిబ్బరమును కావలెను. తప్పిన గడియ మఱునాడు మఱియొక గడియ ముందుగా తిరిగి వచ్చును. పోయిన ప్రాణము రాదు.