రక్తపరీక్ష బాగుంటే సర్వైకల్ క్యాన్సర్ లేనట్టేనా?

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే ఆడకూలీలకు ఒక్కరోజు పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే తెల్లబట్ట ఎక్కువైనా, నెలసరి మధ్యలో రక్తం కనిపించినా 'వేడి చేసిందిలే' అని ఊరుకుంటారు. మరీ నీరసపడితే సీబీపీ చేయించుకుంటారు. రిపోర్టు బాగుంటే ఇక భయం లేదనుకుంటారు. ప్రమాదం ఇక్కడే ఉంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ కారణం హెచ్‌పీవీ వైరస్. ఇది ముఖద్వారం పైపొరలోనే దాక్కుంటుంది. చాలామందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఉండిపోతే 15-20 ఏళ్లకు క్యాన్సర్‌గా మారొచ్చు. తొలిదశలో సీబీపీ మామూలుగానే ఉండొచ్చు.

రక్తంలో ఏం మారుతుంది?

జబ్బు ముదిరేకొద్దీ తెల్ల రక్తకణాల లెక్క తప్పుతుంది. న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. ఏఆర్‌టీ కేంద్రాల వల్ల ఈ జిల్లాల్లో చాలామందికి తెలిసిన పేరు సీడీ4. మిగతా రక్షణ కణాలను నడిపించేవి ఇవే. క్యాన్సర్ రోగుల్లో ఇవి తగ్గుతుంటాయి. పోరాటాన్ని ఆపే 'టీ-రెగ్' కణాలు మాత్రం పెరుగుతాయి. అంటే కాపలాదారులు తగ్గి, వాళ్లను వెనక్కి లాగేవాళ్లు ఎక్కువవుతారన్నమాట.

హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. సీడీ4 పడిపోతే హెచ్‌పీవీని తరిమే శక్తి కూడా తగ్గడమే ఇందుకు కారణం.

రేడియేషన్, సిస్‌ప్లాటిన్ వల్ల కూడా కణాలు తగ్గుతాయి. అందుకే చికిత్స జరుగుతున్నప్పుడు మాటిమాటికీ రక్తం తీస్తారు. అయితే ఈ మార్పులు ఇన్‌ఫెక్షన్లలోనూ కనిపిస్తాయి. వీటిని బట్టి క్యాన్సర్ ఉందనీ, లేదనీ తేల్చలేం.

మరి ఏం చేయాలి?

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.27 లక్షల మందికి ఈ క్యాన్సర్ వస్తే, దాదాపు 80 వేల మంది చనిపోయారు. ముందే పట్టుకుంటే నయమయ్యే జబ్బు ఇది.

30 దాటిన మహిళలు ఏ ఇబ్బందీ లేకపోయినా వీఐఏ, పాప్ స్మియర్, హెచ్‌పీవీ పరీక్షల్లో డాక్టర్ చెప్పినది చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారు ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఆడపిల్లలకు 9-14 ఏళ్ల మధ్య టీకా వేయించాలి. కలయిక తర్వాత గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనిపిస్తే కోతలు అయ్యేదాకా ఆగొద్దు. సిగ్గుపడకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకోవాలి.