పురుగు బదులు బియ్యం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు పారినప్పటి నుంచి మిర్యాలగూడ, కోదాడ వైపు నేల వరిదే. ఊరి చుట్టూ మిల్లులు, రోడ్డు మీద ధాన్యం లారీలు. ఆ మిల్లుల్లో పాలిష్ పట్టకముందు ఉండే ముడి బియ్యమే కార్డిసెప్స్ అనే వింత బూజు పంటకు మడి. అందుకే ఈ పంట గురించి ఇక్కడ మాట్లాడుకోవాలి.

కిలో లక్షల్లో పలుకుతుందని ఫోన్లలో తిరిగే వీడియోలు చెప్పే ధర మాత్రం దీనిది కాదు. అది హిమాలయాల్లో మూడు వేల మీటర్లకు పైన, మంచు కరిగాక పచ్చికలో పాకుతూ వెతికి తీసే ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్‌ది. ఉత్తరాఖండ్‌లో దాన్ని కీడాజడి అంటారు. దాని పేరు మోగడం వెనక ఒక పరుగు కథ ఉంది. 1993లో చైనా పరుగుల రాణి వాంగ్ జున్‌షియా 10,000 మీటర్ల ప్రపంచ రికార్డును ఒక్కసారిగా దాదాపు 42 సెకన్లు తగ్గించింది. ఆ ఘనతను కోచ్ మా జున్‌రెన్ ఈ బూజుకూ తాబేలు రక్తానికీ కట్టబెట్టాడు. తర్వాత ఆ జట్టు మీద డోపింగ్ ఆరోపణలు వచ్చాయి గానీ, బూజు పేరు మాత్రం చెడలేదు!

ముడి బియ్యం మీద సీసాల్లో పెరిగేది కీడాజడికి దూరపు చుట్టం, కార్డిసెప్స్ మిలిటారిస్. ఇందులోని కార్డిసెపిన్ అనే పదార్థం మీద ప్రయోగశాలల్లో, ఎలుకల్లో చాలా పని జరిగింది. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దివి. షుగరు, క్యాన్సరు నయమవుతాయని చెప్పి డబ్బా అంటగట్టేవాళ్లను నమ్మనక్కర్లేదు.

దీని బతుకు తెలిస్తే సీసాల గది నియమాలు వాటంతట అవే అర్థమవుతాయి. అడవిలో దీని బీజం మట్టిలోని చిమ్మెట లార్వాకో ప్యూపాకో అంటుకుంటుంది. ఎంజైములతో చర్మాన్ని కరిగించి లోపలికి దిగి, రక్తంలో చిన్న చిన్న కణాలుగా పెరుగుతుంది. పురుగు చచ్చి, ఒళ్లంతా దారాలు నిండి బిగుసుకుపోయాక నారింజ రంగు కాడను పైకి తీస్తుంది. మన రైతుకు ఇది మరీ కొత్త కథ కాదు. పైరు మీద పురుగుకు పిచికారీ చేసే బవేరియా బూజు ఈ కుటుంబానిదే, చంపే పద్ధతీ ఇదే.

సీసాలో పురుగు ఉండదు. ముడి బియ్యం, పెప్టోన్, ఈస్టు సారం కలిపిన నీళ్లు, కొందరైతే పట్టుపురుగు ప్యూపా పొడి. 121 డిగ్రీల ఆవిరిలో ఆటోక్లేవ్ చేసి, చల్లారాక, వడగట్టిన గాలి వీచే లామినార్ ఫ్లో ముందు బూజు విత్తనమైన ద్రవ కల్చర్ వేస్తారు. మొదట వారం పది రోజులు చీకటి. అడవిలో మట్టి కింద, పురుగు ఒంట్లో గడిపే కాలం అన్నమాట. తెల్లటి దారాలు గింజలన్నిటినీ అల్లుకున్నాక రోజుకు పన్నెండు గంటలు లైటు వేస్తారు. ఆ వెలుతురుకే బూజు నారింజకు తిరిగి మొలకలు లేస్తాయి. కోతకు మొత్తం రెండు నెలలు.

ఆ రెండు నెలలూ గది 20 డిగ్రీల దగ్గరే ఉండాలి. అసలు లెక్క ఇక్కడుంది. సూర్యాపేట మే ఎండల్లో 44 చూడటం మనకు వింతేమీ కాదు. బియ్యం మిల్లులో దొరుకుతుంది, సీసాకు పట్టేదీ గుప్పెడే. ఖర్చంతా చలిది, శుభ్రతది. కరెంటు పోతే జనరేటర్ తప్పదు. కొత్తగా దిగేవాళ్లు ముందు వరిగడ్డి మీద పాల పుట్టగొడుగులు పెంచి చేయి తిరిగేలా చేసుకోవడం మేలు. అవి మన వేడిని బాగానే ఓర్చుకుంటాయి.

ఇంకో చిక్కు విత్తనంతో. కల్చర్‌ను ట్యూబు నుంచి ట్యూబుకు మారుస్తూ పోతే కొన్ని తరాలకు బూజు తెల్లగా అల్లుకుంటుంది గానీ కాడ లేవదు. ఈ బూజులో ఆడా మగా లాంటి రెండు రకాలుంటాయి. మార్పిళ్లలో ఒకటి జారిపోవడం అందుకు ఒక కారణం. తెల్లటి సీసా చూసి మురిసిపోయినవాడికి లైటు వేసిన చాలా రోజులకు గానీ నష్టం తెలియదు. కాబట్టి ట్యూబు కొనేటప్పుడు ధర కన్నా ముందు అది ఎన్నో తరమో, దానితో కాడలు చివరిసారి ఎప్పుడు తీశారో అడగాలి. సరుకు మేమే కొంటామని శిక్షణ ఫీజు కట్టించుకునేవాళ్లను కూడా ఇదే అడగండి. జవాబు నమ్మకంగా లేకపోతే హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో కేంద్ర పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉంది.