టైఫాయిడ్‌లో ఆయాసం: నీరసమని సరిపెట్టుకుంటే ప్రాణం మీదికి

అశోక్ నగర్ (హైదరాబాదు): సర్కారు కొలువుల పరీక్షలకు మన పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఇరుకు హాస్టలు గదులు, బండి మీద టిఫిను, పగలంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువు. జ్వరం తగిలితే ఒక బిళ్ల మింగి మళ్లీ పుస్తకం ముందు కూర్చుంటారు. వారం దాటినా తగ్గకపోతే బస్సెక్కి ఊరికి వస్తారు. అది టైఫాయిడే అయితే, సరిగ్గా గండం ఉండే రోజుల్లోనే ఇంటికి చేరినట్టు.

కలుషితమైన నీటితోనో తిండితోనో లోపలికి వెళ్లిన సూక్ష్మక్రిమి చిన్నపేగు గోడ దాటి రక్తంలో కలుస్తుంది. కనుక ఇది పేగుతో ఆగే రోగం కాదు. రెండు, మూడు వారాల్లో పేగుకు చిల్లి పడవచ్చునని చాలామంది విన్నారు. ఊపిరితిత్తుల సంగతి ఎరిగినవారు తక్కువ. కొద్దిపాటి పొడిదగ్గు ఈ జ్వరంలో మామూలే. కొందరికి అది ముదిరి న్యుమోనియా అవుతుంది. మనవాళ్లు నిమ్ము అనేది దానినే. అంతకన్న అరుదైనది, భయంకరమైనది మరొకటుంది. రోగం రక్తమంతా పాకినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాలు కారడం మొదలుపెడతాయి. గాలి నిండవలసిన తిత్తుల్లో నీరు నిండుతుంది. రోగి ఎంత ఎగపీల్చినా ప్రాణవాయువు రక్తానికి అందదు. ఇటువంటి వేళ బలానికని లెక్క లేకుండా సెలైను సీసాలు ఎక్కిస్తే ఆ నీరు మరింత పెరుగుతుంది.

"పది రోజులుగా తిండి లేదు, అందుకే రొప్పుతున్నాడు" అని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజమే. కాని మంచం మీద కదలకుండా ఉన్న మనిషి నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగురుతున్నా, పెదవులు నీలం తిరిగినా, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు 94 కన్న తక్కువ చూపినా అది నీరసం కాదు. తెల్లవారనిద్దామని ఆగక 108ని పిలవాలి. ఆక్సిజన్, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. అశోక్ నగర్‌లో ఉండే పిల్లలకైతే నల్లకుంట ఫీవరు ఆసుపత్రి దగ్గరే. క్వారంటైను అన్న మాట జనం నోట పడి అది కోరంటి దవాఖానా అయింది.

విడాల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్మడానికి లేదు, అది తరచు తప్పుదారి పట్టిస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి కల్చరు చేయించడం మేలు. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రెండో రోజుకే డాక్టరును మార్చడం, తగ్గగానే మందు మానడం రెండూ చేటే.

ఇక నీటి సంగతి. అశోక్ నగర్‌కు ఎంతో దూరం లేని భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో కలుషిత నీరు తాగి, వాంతులు విరేచనాలతో పలువురు ప్రాణాలు కోల్పోయారు. నీళ్లు కాచి తాగమని పిల్లలకు చెప్పవచ్చు గాని, హాస్టలు గదిలో పొయ్యి ఎక్కడిది? టీకా మాత్రం ఊళ్లో ఉండగానే వేయించవచ్చు. హైదరాబాదులోనే భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఒక్క సూది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పడాలి.