మోడల్ అటకెక్కకుండా ఉండాలంటే

సైన్స్ ఎగ్జిబిషన్ అయిపోగానే థర్మోకోల్ మోడల్ అటకెక్కుతుంది. కంప్యూటర్‌లో చేసిన మోడల్‌ను మాత్రం ఆన్‌లైన్ లైబ్రరీలో పెట్టి పదిమందికీ ఉపయోగపడేలా చేయొచ్చు.

యూరి విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగో ఉచిత సాఫ్ట్‌వేర్. తోడేళ్లు, గొర్రెల సంఖ్య ఎలా పెరిగి తగ్గుతుందో చూపే మోడల్ అందులో ఉంది. అదే పద్ధతిలో మన కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమనూ, దాన్ని అదుపుచేసే ఎన్‌కార్సియా అనే మిత్రపురుగునూ చూపొచ్చు. పురుగుమందు కొడితే మిత్రపురుగు కూడా చనిపోతే ఏమవుతుంది? మీ అబ్బాయో అమ్మాయో చేసిన మోడల్‌ను పొల్లాచ్చి విద్యార్థి నడిపి, అందులోని తప్పు పట్టుకోవచ్చు. సైన్స్ ముందుకు వెళ్లేది అలాగే.

అందుకే అప్‌లోడ్ చేసేముందు ప్రతి అంకె ఎక్కడిదో రాయించండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగిందా, తోటలో లెక్కపెట్టిందా, ఊహించిందా? ఊహైతే ఊహ అనే రాయాలి. అది రాయకపోతే మోడల్ వట్టి బొమ్మే.

మోడల్ మీరు చేసిపెట్టొద్దు, బయట కొనివ్వొద్దు. పిల్లల ఫొటో, ఫోన్ నంబర్ పెట్టనివ్వొద్దు. ఆదివారం తోటకు తీసుకెళ్లి, దోమ పట్టిన ఆకులు వాళ్లచేతే లెక్కపెట్టించండి, చాలు.