అమ్మకము పెరిగిన మాత్రమున లాభమా?

సరకును పండించుట యొక విద్య. దానిని అమ్ముట మఱియొక విద్య. నేయి, పప్పు, పసుపు మున్నగువానిని సొంత మార్కాతో అమ్ము సహకార సంఘములకు తఱచుగా రెండు ప్రశ్నలు వచ్చును. ధర తగ్గించి అమ్మిన లాభమా? ఒక మార్కా యుండగా అదే సరకునకు రెండవ మార్కా పెట్టవచ్చునా? ఈ రెండును ఒక్క లెక్కకు చెందినవే యని మేము తలంచుచున్నాము.

అమెరికాలో సిన్సినాటి నగరపు ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీవారు 1879లో ఐవరీ యను సబ్బును, 1926లో కామే యను సబ్బును అమ్మకమునకు తెచ్చిరి. కామే పరుల సబ్బులతోనే గాక తన యింటి ఐవరీతోను పోటీపడవలసి వచ్చెను. కామే ప్రకటనల పని చూచుచుండిన నీల్ మెకెల్‌రాయ్ 1931 మే 13వ తేదిని అధికారులకొక లేఖ వ్రాసెను. ప్రతి మార్కాకును వేఱుగ బాధ్యు లుండవలెననియు, అమ్మకము ఎచ్చట హెచ్చినదో, ఎచ్చట తగ్గినదో వారు కారణముతోకూడ కనిపెట్టవలెననియు సూచించెను. కంపెనీ యా పద్ధతి నవలంబించెను. 1948లో అతడే కంపెనీ అధ్యక్షు డయ్యెను.

ఇక మన లెక్క చూతము. ఒక సంఘము నెలకు మొదటి మార్కా నేయి 100 డబ్బాలును, రెండవ మార్కా 80 డబ్బాలును అమ్ముచున్న దనుకొందము. డబ్బాకు మిగులు 40 రూపాయలు. ఒక నెల మొదటి మార్కాపై 10 రూపాయలు తగ్గింపగా 160 డబ్బాలు పోయినవి. అరువది పెరిగినవని అందఱును సంతసింతురు. కాని చవుకగా దొరకినప్పుడు గృహిణులు ముందే కొని దాచుకొందురు. కావున మఱునెల 70 డబ్బాలే పోయినవి. తగ్గింపు నెలలో రెండవ మార్కా 65కు దిగినది. ఒకచోట 30, వేఱొకచోట 15 తీసివేయగా నికరముగా పెరిగినవి 15 డబ్బాలే. వానిపై వచ్చినది 600 రూపాయలు. 160 డబ్బాలపై వదలుకొన్నది 1,600 రూపాయలు. నష్టము 1,000 రూపాయలు. కరపత్రముల వ్యయము వేఱు.

తగ్గింపు వలన వచ్చిన క్రొత్తవారు పిమ్మట పూర్తి ధరకును కొనుచుండిన యెడల ఈ నష్టము తీరవచ్చును. అందుచేత మూడు నాలుగు నెలలు లెక్క చూడవలెను. పండుగ నెలలో అమ్మకము సహజముగనే పెరుగును గనుక గత సంవత్సరపు అదే నెలతో పోల్చవలెను. ఎరువు వేసిన మడి ప్రక్కన వేయని మడిని నిలిపి చూచునట్లు, ఒక యూర ధర తగ్గించి, అటువంటి మఱియొక యూర తగ్గింపక చూచుట మేలు.

రెండవ మార్కా తప్పని మేము చెప్పము. 1973లో ఏర్పడిన గుజరాతు సహకార పాల విక్రయ సమాఖ్య అమూల్, సాగర్ అను రెండు పేర్లతో నేతిని విక్రయించుచున్నది. క్రొత్త పేరు క్రొత్త కొనుగోలుదారుని తెచ్చిన లాభము. పాత పేరు కొనువానినే తెచ్చిన, ఎడమచేతి సొమ్ము కుడిచేతికి మార్చుటయే, పైగా చీటీల ఖర్చు దండుగ.

సోదర రైతులారా! సంఘమునకు వచ్చిన నష్టము తుదకు పాలు పోసినవాని ధరలోనే కోతయై కనబడును. కావున సర్వసభ్య సమావేశమునందు ఎంత అమ్మితిరని మాత్రమే గాక, అన్ని మార్కాలను కలిపి నికరముగా ఎంత మిగిలినదని తప్పక యడుగుడు.