బిట్‌కాయిన్ యంత్రాల బేరం: షరీఅత్ గీటురాయిపై

ధనార్జన మార్గాలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. వాటిని తూచే ధర్మకాటా మాత్రం మారదు. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఒక తరానికి జిన్నింగు మిల్లు కొత్త పెట్టుబడి, మరొక తరానికి పొగాకు బ్యారన్, ఇంకొక తరానికి మిర్చి నిలవచేసే కోల్డు స్టోరేజి. ఈ కాలంలో అదే వరుసలో వచ్చి చేరింది బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రం.

ఈ యంత్రం కొనదలచిన ముస్లిం సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటే: "బిట్‌కాయిన్ హలాలా, హరామా?" ఇది అడగవలసిన ప్రశ్నే. కాని దానికి ముందు వేరే ప్రశ్నలున్నాయి. యంత్రం కొనుగోలు ఏ ఒప్పందం మీద జరుగుతున్నది? అది నిజంగా కొన్నవాని చేతికి వస్తుందా? దానికి పెట్టిన సొమ్ము ఎవరిది? అది తాగే కరెంటు ఎవరి లెక్కలో పడుతుంది? నాణెం విషయంలో ధర్మవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలుండవచ్చు. ఈ ప్రశ్నల విషయంలో షరీఅత్ సూత్రాలు తేటతెల్లంగా ఉన్నాయి. ఈ వ్యాపారంలో మోసపోయినవారిలో చాలామంది మోసపోయింది ఇక్కడే.

యంత్రం చేసే పని

బిట్‌కాయిన్ వ్యవస్థను వివరించే పత్రం 2008 అక్టోబరు 31న వెలువడింది. 2009 జనవరి 3న వ్యవస్థ మొదలైంది. ఇందులో లావాదేవీలను సుమారు పది నిమిషాలకొకసారి ఒక పుటగా కట్టి, ఉమ్మడి ఖాతాపుస్తకంలో చేర్చుతారు. ఆ పుటను చేర్చే హక్కు కోసం ప్రపంచమంతటా ఉన్న యంత్రాలు పోటీపడి ఒక లెక్క కడతాయి. వ్యవస్థ నిర్ణయించిన హద్దుకు లోబడిన సంఖ్య ఎవరికి ముందు దొరికితే వారికి కొత్త నాణేలు బహుమానంగా లభిస్తాయి.

మొదట్లో ఈ లెక్క మామూలు కంప్యూటరే చేసేది. 2013 నుంచి ఇందుకోసమే తయారైన యంత్రాలు వచ్చాయి. వీటిని ఏసిక్ యంత్రాలంటారు. ఇవి ఈ లెక్క తప్ప మరే పనీ చేయలేవు. బిట్‌మెయిన్ కంపెనీ 2023లో ప్రకటించిన ఆంట్‌మైనర్ ఎస్21 యంత్రం సెకనుకు 200 టెరాహ్యాష్‌లు, అనగా 200 లక్షల కోట్ల లెక్కలు కడుతుంది. అందుకు 3,500 వాట్ల కరెంటు తీసుకుంటుంది.

దీనిని జూదంతో పోల్చేవారున్నారు. జూదంలో ఒకరి పందెం సొమ్ము మరొకరి పాలవుతుంది. ఇక్కడ ఒక సేవకు వ్యవస్థ బహుమానం ప్రకటిస్తున్నది. అందువల్ల కొందరు పరిశోధకులు దీనిని ఫిఖహ్‌లోని 'జుఆలా'తో పోలుస్తారు. జుఆలా అనగా ఫలానా పని సాధించిన వానికి ఫలానా ప్రతిఫలమని ప్రకటించడం. హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతంలో, పోయిన రాజపాత్రను తెచ్చినవానికి ఒక ఒంటె మోసే ధాన్యమిస్తామన్న ప్రకటనను ధర్మవేత్తలు ఇందుకు ఆధారంగా చూపుతారు. అయితే బహుమానంగా వచ్చే వస్తువు ధర్మసమ్మతమైన సంపద అయినప్పుడే ఈ పోలిక నిలుస్తుంది.

ఆ విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ఈజిప్టు దారుల్ ఇఫ్తా 2018 జనవరిలో బిట్‌కాయిన్ వ్యవహారం నిషిద్ధమని ఫత్వా ఇచ్చింది. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్‌కు చెందిన షరీఅత్ సలహామండలి 2020లో, డిజిటల్ ఆస్తుల క్రయవిక్రయాలు నమోదైన సంస్థల ద్వారా సాగితే సూత్రప్రాయంగా అనుమతించవచ్చునన్నది. ఇండోనేషియా ఉలమా మండలి 2021 నవంబరులో, నగదుగా వాడటం హరామనీ, నిర్ణీత షరతులు నెరవేరితే సరుకుగా అమ్మవచ్చుననీ తీర్మానించింది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 2019 నవంబరు దుబాయి సమావేశంలో మరింత పరిశోధన అవసరమని చెప్పి ఊరుకున్నది. కనుక తాను విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించకుండా ఈ దారిలో అడుగుపెట్టడం తగదు.

కరిగిపోయే పెట్టుబడి

ప్రకాశం జిల్లా రైతుకు బ్యారన్ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. అది పొగాకు కాల్చడానికే పనికొస్తుంది. 2000-01 సీజనులో రాష్ట్రంలో పొగాకు పంటకు విరామం ప్రకటించినప్పుడు బ్యారన్లు పని లేక నిలిచాయి. ఒకే పనికి పనికొచ్చే ఆస్తి విలువ యజమాని చేతిలో ఉండదు. ఏసిక్ యంత్రం సంగతీ అంతే. కాకపోతే బ్యారన్ మరుసటి ఏడు మళ్లీ మండుతుంది. పాతబడిన ఏసిక్‌కు ఆ అవకాశం తక్కువ.

లెక్క చూడండి. పుట ఒక్కింటికి వచ్చే బహుమానం మొదట 50 నాణేలు. 2012లో అది 25, 2016లో 12.5, 2020లో 6.25 అయింది. 2024 ఏప్రిల్‌లో 3.125కు తగ్గింది. రోజుకు సుమారు 144 పుటలు కాబట్టి ప్రపంచం మొత్తానికి దక్కే కొత్త నాణేలు రోజుకు 450 మాత్రమే. యంత్రాలు ఎన్ని పెరిగినా ఈ సంఖ్య పెరగదు. సుమారు రెండు వారాలకొకసారి వ్యవస్థ తనంతట తానే లెక్కను కష్టతరం చేసుకొని వేగాన్ని పాత స్థాయికే తెస్తుంది.

2024 ఏప్రిల్ నాటికి ప్రపంచ యంత్రాల మొత్తం శక్తి సుమారు 60 కోట్ల టెరాహ్యాష్‌లు. 200 టెరాహ్యాష్‌ల యంత్రం వాటా అందులో 30 లక్షలలో ఒకటి. అనగా రోజుకు 0.00015 నాణెం. 2025లో ఆ మొత్తం 100 కోట్లకు చేరింది. అదే యంత్రం వాటా 50 లక్షలలో ఒకటయింది, రాబడి 0.00009 నాణేనికి దిగింది. నాణెం ధర పైసా పడకపోయినా, యంత్రం ఒక్క గంట ఆగకపోయినా, రాబడిలో నూటికి 40 వంతులు పోయిందన్నమాట. "ఈ యంత్రం రోజుకింత సంపాదిస్తుంది, ఇన్ని నెలల్లో పెట్టుబడి తిరిగివస్తుంది" అని అమ్మకందారు చూపే పట్టికలో సాధారణంగా మొదటి రోజు లెక్కే ఉంటుంది. ఈ తగ్గుదల ఉండదు.

ఇంకొక ఉదాహరణ. ఇథీరియం నాణెం కోసం వేలాదిమంది గ్రాఫిక్స్ కార్డులు పేర్చి నడిపేవారు. 2022 సెప్టెంబరు 15న ఆ వ్యవస్థ ఇటువంటి లెక్కల అవసరమే లేని పద్ధతికి మారింది. ఆ యంత్రాలకు ఆ పని ఒక్క రోజులో ముగిసిపోయింది.

ముందు సొమ్ము, తర్వాత సరుకు

ఈ యంత్రాలను ఎన్నో సందర్భాల్లో తయారు కాకముందే పూర్తి సొమ్ము తీసుకొని అమ్మారు. దీనిపై షరీఅత్ ఏమంటుంది? చేతిలో లేని వస్తువును అమ్మరాదనీ, అనిశ్చితి (గరర్) నిండిన బేరం తగదనీ మహాప్రవక్త (స) బోధించారు. ఈ సాధారణ నియమానికి రెండు మినహాయింపులు ఉన్నాయి.

మొదటిది 'సలమ్'. మదీనాలో ప్రజలు పండ్లకు ఏడాది, రెండేళ్లు ముందుగా సొమ్ము ఇచ్చేవారు. మహాప్రవక్త (స) దానిని రద్దు చేయలేదు. కొలత, తూకం, గడువు ఖచ్చితంగా తెలిసి ఉండాలని షరతు పెట్టారు. మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే తేజ రకమా, ఎన్ని టిక్కీలు, ఏ తేదీకి అన్నది ముందే తేలాలి.

రెండవది 'ఇస్తిస్నా', అనగా చెప్పి చేయించుకోవడం. ప్రజల వాడుకను గమనించి హనఫీ ధర్మవేత్తలు దీనిని అంగీకరించారు. ఇమామ్ అబూ యూసుఫ్ (ర) అభిప్రాయాన్ని అనుసరించి ఉస్మానియా ప్రభుత్వపు 'మజల్లా' దీనిని ఇరుపక్షాలూ కట్టుబడవలసిన ఒప్పందంగా చేసింది. అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1992లో జిద్దాలో దీనిపై తీర్మానం చేసింది. వస్తువు రకం, గుణగణాలు, పరిమాణం, అప్పగించే గడువు స్పష్టంగా ఉండాలి. సొమ్ము మొత్తం ముందే చెల్లించనక్కరలేదు, వాయిదాలు కట్టుకోవచ్చు. తయారీదారు గడువు తప్పితే పరిహారం చెల్లించాలనే షరతు కూడా పెట్టుకోవచ్చు.

ఈ నియమాల విలువ తెలియాలంటే అమెరికాలోని బటర్‌ఫ్లై ల్యాబ్స్ వ్యవహారం చూడాలి. ఈ సంస్థ 2012 నుంచి మైనింగ్ యంత్రాలకు పూర్తి సొమ్ము ముందుగా వసూలు చేసింది. 2013 సెప్టెంబరు నాటికి 20,000 మందికి పైగా యంత్రాలు అందలేదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో కోర్టులో ఆరోపించింది. ఆలస్యంగా అందిన యంత్రాలు అప్పటికే పనికిరానంతగా పాతబడ్డాయనీ చెప్పింది. 2016లో వ్యవహారం పరిష్కార ఒప్పందంతో ముగిసింది. గడువు తప్పిన మిర్చి మిర్చిగానే ఉంటుంది. గడువు తప్పిన ఏసిక్ తన ఆయుష్షులో మంచి భాగాన్ని పోగొట్టుకొని వస్తుంది. కాబట్టి ఈ సరుకు విషయంలో గడువు షరతు అన్నిటికంటే ముఖ్యం. గడువు రాయని రసీదు మీద సొమ్ము కట్టరాదు.

కంటికి కనబడని యంత్రం

"యంత్రం మా దగ్గరే ఉంటుంది, మీరు సొమ్ము కట్టండి, నెల నెలా రాబడి పంపుతాము" అనేది మరొక పద్ధతి. యంత్రాన్ని ఇతరుల గిడ్డంగిలో ఉంచి, అద్దె, కరెంటు చెల్లించడం తనంతట తప్పు కాదు. కోల్డు స్టోరేజిలో టిక్కీలు ఉంచినవాడు బాండు తెచ్చుకున్నట్లే, ఇక్కడా యంత్రం సీరియల్ నంబరు, అది ఉన్న చోటు, కోరినప్పుడు దానిని వెనక్కి తెచ్చుకునే హక్కు రాతలో ఉండాలి. ఇవి లేనిచోట కొన్నది యంత్రం కాదు, ఒట్టి మాట.

మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ పథకం ఈ రూపంలోనే వచ్చింది. మైనింగ్ పేరు చెప్పి, 18 నెలలపాటు నెలకు నూటికి పది వంతుల రాబడి ఇస్తామని ఆశచూపింది. తర్వాత చెల్లింపులు నిలిచాయి. నిర్వాహకుడు 2018లో అరెస్టయ్యాడు. 2025లో కూడా సి.బి.ఐ. ఈ కేసులో సోదాలు జరిపింది. రాబడి ప్రతినెలా తరుగుతూ పోయే పనికి స్థిరమైన రాబడి ఎలా వస్తుందని ఒక్క క్షణం ఆలోచించినా గుట్టు బయటపడేది.

ముస్లిములు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడవలసిన కారణముంది. 2019లో బెంగుళూరులో కుప్పకూలిన ఐ.ఎం.ఏ. సంస్థ హలాల్ పెట్టుబడి పేరుతోనే వేలాది ముస్లిం కుటుంబాల సొమ్ము సేకరించింది. పెండ్లిళ్లకూ, హజ్ యాత్రకూ దాచుకున్న సొమ్ము అందులో చిక్కుకున్నది. హలాల్ అన్న మాట బోర్డు మీద ఉంటే చాలదు, ఒప్పందంలో ఉండాలి.

భాగస్వామ్యం, అప్పు

జైద్, అమ్ర్ ఇద్దరూ చెరి సగం వేసి యంత్రం కొన్నారనుకుందాం. ఇది 'ముషారకా'. లాభం ఒప్పుకున్న వంతు ప్రకారం పంచుకుంటారు. నష్టం మాత్రం పెట్టుబడి వంతు ప్రకారమే భరించాలి. "నీ లక్షకు నెలకు ఇంత" అని జైద్ అమ్ర్‌కు స్థిరమైన మొత్తం రాసిస్తే అది భాగస్వామ్యం కాదు, వడ్డీ అప్పే. సొమ్ము ఒకరిది, శ్రమ ఒకరిది అయితే అది 'ముదారబా'. శ్రమించినవాని తప్పు లేకుండా వచ్చిన నష్టం సొమ్ము పెట్టినవానిదే.

వడ్డీకి తెచ్చి యంత్రం కొనడం రెండు విధాల కీడు. మొదటిది అది ఆదిలోనే నిషిద్ధం. రెండవది రాబడి తరుగుతూ, వడ్డీ పెరుగుతూ పోతుంది. పెట్టుబడి కోసం చేసిన అప్పు పంట పోయినా పోదన్న సంగతి 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ఈ ప్రాంతం ప్రాణాలిచ్చి నేర్చుకున్నది.

కరెంటు, పొరుగువారు

3,500 వాట్ల యంత్రం రోజుకు 84 యూనిట్లు, నెలకు 2,520 యూనిట్లు తీసుకుంటుంది. యూనిట్‌కు 8 రూపాయలనుకుంటే నెలకు 20,160 రూపాయలు. ఈ భారం తప్పించుకోవడానికి ఇంటి కనెక్షను మీద వ్యాపారం నడపడం, పొలం మోటారుకు ఇచ్చిన ఉచిత విద్యుత్తును మళ్లించడం వంటి ఆలోచనలు రావచ్చు. ఒక అవసరానికి ఇచ్చిన కనెక్షనును మరొక అవసరానికి వాడటం 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వినియోగం. షరీఅత్ దృష్టిలో అది అమానతులో ఖియానత్, నమ్మి అప్పగించినదానిని కాజేయడం. రైతు పేర ప్రజలు భరిస్తున్న కరెంటుతో పుట్టిన నాణెం, బిట్‌కాయిన్ హలాల్ అన్నవారి దృష్టిలో కూడా శుద్ధమైన సంపాదన కాజాలదు.

తీసుకున్న కరెంటంతా వేడిగా బయటికొస్తుంది. ఒక యంత్రం నడిస్తే మూడున్నర కిలోవాట్ల హీటరు రాత్రింబవళ్లు వెలిగినట్లే. వేసవిలో 40 డిగ్రీలు దాటే గుంటూరులో ఆ వేడిని బయటికి నెట్టడం పెద్ద ఖర్చు. గాలిలో దూది నలుసు, మిర్చి దుమ్ము ఉండే చోట ఫ్యాన్లు, రేకులు తరచుగా శుభ్రం చేయాలి. ఆ ఫ్యాన్ల హోరు గోడ దాటి వినిపిస్తుంది. ఇతరులకు హాని చేయరాదన్నది షరీఅత్ మూలసూత్రాలలో ఒకటి. పొరుగువాని నిద్ర చెడగొట్టి ఆర్జించే హక్కు ఎవరికీ లేదు.

పన్ను, జకాత్

మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆస్తుల అమ్మకపు ఆదాయంపై నూటికి 30 పన్ను విధించారు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ మినహాయించరు. మైనింగ్ యంత్రాల వ్యయం కొన్న ధర కిందికి రాదని ఆర్థికశాఖ 2022 మార్చిలో పార్లమెంటుకు తెలిపింది. లక్ష రూపాయల నాణేలు తీయడానికి 80,000 రూపాయల కరెంటు ఖర్చయిందనుకుంటే, పన్ను 20,000 మీద కాదు, లక్ష మీద. అనగా 30,000 రూపాయలు. లాభమనుకున్నది 10,000 రూపాయల నష్టంగా తేలుతుంది.

జకాత్ విషయంలో, పనిముట్లపై జకాత్ లేదన్న నియమం ప్రకారం సొంతంగా నడిపే యంత్రంపై జకాత్ ఉండదు. తిరిగి అమ్మడానికి కొన్న యంత్రాలు వ్యాపార సరుకు కనుక వాటి విలువపై ఉంటుంది. ఈ నాణేలను సంపదగా అంగీకరించే ధర్మవేత్తల ప్రకారం నిసాబ్‌కు చేరి ఏడాది నిండితే వాటిపైనా నూటికి రెండున్నర చెల్లించాలి. మైనింగ్ అన్నది పేరుకే. భూమి నుంచి లోహం తీయడం కాదు కనుక గనులకు వర్తించే అయిదవ వంతు నియమం దీనికి వర్తించదు.

ఈ వ్యవహారం తలపెట్టినవారు నాణెం ధర చూసే ముందు కొన్ని విషయాలు సరిచూసుకోవాలి. యంత్రం రకం, గడువు రాతలో ఉన్నాయా? అది చేతికి, లేదా రుజువున్న అధీనంలోకి వస్తుందా? పెట్టుబడి వడ్డీ లేనిదేనా? కరెంటు లెక్క నిజాయితీగా ఉన్నదా? పెట్టిన సొమ్మంతా పోయినా భార్యాబిడ్డల హక్కులకు లోటు రాదా? వీటిలో ఏ ఒక్కదానికి 'కాదు' అన్న జవాబు వచ్చినా, నాణెం గురించిన ఫత్వా కోసం వెతకవలసిన అవసరమే లేదు. ఆ బేరం అక్కడితో ఆపాలి. అసలు సత్యం అల్లాహ్‌కే బాగా తెలుసు.